న్యూయార్క్ సబ్‌వే నాటి జ్ఞాపికలకు చారిత్రక విలువ ఎంత?

ప్రశ్న:
న్యూయార్క్ తొలి సబ్‌వే (భూగర్భ రైలుమార్గం) పనులను 1900 మార్చి 24న ప్రారంభిస్తూ మేయర్ రాబర్ట్ వాన్ విక్ పట్టిన వెండి పార, 1904 అక్టోబరు 27న మొదటి రైలు నడపడానికి మేయర్ జార్జ్ మెక్లెల్లన్‌కు బహూకరించిన వెండి కంట్రోలర్ పిడి (రైలు వేగాన్ని అదుపుచేసే మీట), రెండూ టిఫనీ సంస్థ తయారీలే. నిర్మాణ చరిత్రను పరిశీలించేవారికి వీటివల్ల తెలిసేది ఏమైనా ఉందా, లేక ఇవి వేడుక ముచ్చటకే పరిమితమా?

మొదటి సమాధానం:
రెండింటినీ ఒకే గాటన కట్టలేమండి. పార పని ఆ పూటతోనే ముగిసింది. తవ్విన మట్టిని వాన్ విక్ తన పట్టు టోపీలో వేసుకుని తీసుకెళ్లారంటారు. కంట్రోలర్ పిడితో మాత్రం రైలు నిజంగానే నడిచింది. మేయర్ బండిని కదిలించి మోటార్‌మన్‌కు (రైలు డ్రైవర్‌కు) అప్పగించాలన్నది ఏర్పాటు కాగా, ఆయన అందుకు ఒప్పుకోక, పక్కనే నిలబడ్డ జనరల్ మేనేజర్ ఫ్రాంక్ హెడ్లీ కంగారుపడుతున్నా, 103వ వీధి దాకా తానే నడిపారు. పిడి మీద చెక్కిన వాక్యంలో రైలును ప్రారంభించిన సంగతి, కానుక ఇచ్చిన సబ్‌వే కంపెనీ అధ్యక్షుడు ఆగస్ట్ బెల్మాంట్ పేరు ఉన్నాయి గాని, ఈ మొండితనం ప్రస్తావన లేదు. అధికారిక జ్ఞాపిక ఏం చెబుతుందో, ఏం దాటవేస్తుందో చూడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

రెండవ సమాధానం:
దాటవేసిన వాటిలో అది చాలా చిన్నదని నా అభిప్రాయం. 1903 అక్టోబరులో ఈ సబ్‌వే కోసం తవ్వుతున్న ఫోర్ట్ జార్జ్ సొరంగంలో బండరాళ్లు కూలి పదిమంది కార్మికులు మరణించారు. పిడి వెండి మీద చెక్కినవి మేయర్ పేరు, కంపెనీ అధ్యక్షుడి పేరు. నిర్మాణం ఎలా సాగిందో తెలుసుకోవాలంటే పియర్ పుల్లిస్, గ్రాన్‌విల్ పుల్లిస్ సోదరులు తీసిన ఛాయాచిత్రాలే దిక్కు. తవ్వకం వల్ల తమ కట్టడం దెబ్బతిన్నదని యజమానులు పరిహారం కోరితే చూపడానికి, మార్గం పొడవునా భవనాల స్థితిని కూడా గాజు పలకల నెగెటివ్‌ల మీద నమోదు చేయించారు. జ్ఞాపకార్థం తీసినవి కాకపోవడం వల్లనే కాబోలు, వాటిలో గుంతలు, దూలాలు, పనివాళ్లు ఉన్నది ఉన్నట్టుగా కనిపిస్తారు.

మూడవ సమాధానం:
ఆ పిడి, పుల్లిస్ సోదరుల చిత్రాలు కూడా న్యూయార్క్ హిస్టారికల్ (2024 వరకు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ) సేకరణలో ఉన్నాయి కనుక, రెండింటినీ కలిపి అధ్యయనం చేయవచ్చు. ఆ మొదటి రైలు బయలుదేరిన, 1945 డిసెంబరు 31న మూతపడిన సిటీ హాల్ స్టేషన్‌లోని కంచు ఫలకాలను మాత్రం న్యూయార్క్ ట్రాన్సిట్ మ్యూజియం తన సభ్యుల కోసం ఏర్పాటు చేసే సందర్శనల్లోనే దగ్గరగా చూడగలరు.