వాసన రాకపోతే చికెన్ వండుకోవచ్చా?

ప్రశ్న:
ఫ్రిజ్‌లో పచ్చి చికెన్ పెట్టి ఇది మూడో రోజు. వాసనేమీ లేదు కానీ పట్టుకుంటే జిగటగా ఉంది. పక్కనున్న మటన్ పెద్ద ముక్క నిన్నటిదే, పైన గోధుమ రంగుకు తిరిగింది. ఏది పారెయ్యాలి? బాగా ఉడికిస్తే సరిపోదా?

జవాబు 1:
చికెన్ పారెయ్యండి, మటన్ ఇవాళే వండెయ్యండి.

మాంసం రంగు మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ వల్ల వస్తుంది. గాలి తగిలితే ఎర్రగా, ఇంకా కాసేపుంటే గోధుమ రంగులోకి మారుతుంది. గాలి అందని లోపలి భాగం ఊదాగా ఉంటుంది. రంగొక్కటే మారితే చెడిపోయినట్టు కాదు. జిగట అలా కాదు, బాక్టీరియా పైన పొరలా పేరుకుందని అర్థం. అనుమానముంటే పేపర్‌తో అద్దండి. తడైతే పోతుంది, జిగటైతే మళ్లీ వేళ్లకు అంటుకుని సాగుతుంది. కడిగి చూడాలనుకోకండి, ఆ తుంపరలతో సింకూ చుట్టుపక్కల గిన్నెలూ పాడవుతాయి.

4 డిగ్రీల చలిలో కూడా పచ్చి చికెన్, చేప, ఖీమా 1-2 రోజులే ఉంటాయి. పెద్ద మటన్ ముక్క 3 నుంచి 5 రోజులు ఆగుతుంది.

జవాబు 2:
ముఖ్యమైన మాట మిగిలిపోయింది. కంపు కొట్టించే బాక్టీరియా వేరు, జబ్బు చేసేవి వేరు. సాల్మొనెల్లా ఉన్నా వాసన, రుచి మారక్కర్లేదు. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. అందుకే "కొంచెం రుచి చూసి చెప్తాను" అనే పద్ధతి అస్సలు వద్దు.

ఇక ఉడికించడం గురించి. వేడికి బాక్టీరియా చస్తుంది గానీ, అది అప్పటికే వదిలిన విషం అన్నిసార్లూ పోదు. బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా తయారుచేసే వాంతుల విషం మళ్లీ వేడిచేసినా అలాగే ఉంటుంది. ట్యూనా, మాకెరెల్ లాంటి చేపల్లో, చల్లగా ఉంచకపోతే పుట్టే హిస్టమిన్ అనే విషం కూడా అంతే, వేయించినా పోదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా జోరుగా పెరుగుతుంది. వండినదైనా పచ్చిదైనా బయట 2 గంటలు దాటనివ్వకండి, ఎండ 32 డిగ్రీలు మించితే 1 గంటే. పెద్ద గిన్నెడు కూర అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యభాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. లోతు తక్కువున్న డబ్బాల్లోకి సర్దండి.

జవాబు 3:
ఫ్రిజ్‌లో గుడ్లుంటే వాటి సంగతీ చెప్తాను. గుడ్డు నీళ్లలో తేలితే పాతదని మాత్రమే తెలుస్తుంది. పెంకు రంధ్రాల గుండా తేమ పోయి లోపల గాలిగది పెద్దదవుతుంది, అంతే. విడి గిన్నెలో పగలగొట్టి చూడండి, చెడిపోతే వాసన దాగదు. అయితే మునిగిన గుడ్డులో సాల్మొనెల్లా లేదన్న హామీ లేదు, కాబట్టి సొన గట్టిపడేదాకా ఉడికించండి.

ప్రశ్న అడిగినవారు:
ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? డయల్ మీద 1 నుంచి 5 అంకెలే ఉన్నాయి.

జవాబు 2:
ఆ అంకెలు డిగ్రీలు కావండి. మధ్య అరలో గ్లాసుడు నీళ్లు పెట్టి, అందులో థర్మామీటర్ ఉంచి, రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నే తలుపు తీయగానే చూడండి. 4 దాటితే డయల్ ఒక అంకె పెంచి మర్నాడు మళ్లీ చూడాలి. తలుపు అరలు ఎప్పుడూ ఇంకాస్త వెచ్చగానే ఉంటాయి, అక్కడ పాలు పెట్టకండి.