కాలేజీ లైబ్రరీ వాడకం: మొదటి వారంలో చెబితే చాలా, కోర్సుగా పెట్టాలా?

డిగ్రీ రెండో ఏడాది విద్యార్థిని:
కొత్తగా చేరినవాళ్లను మొదటి వారంలో ఒకసారి లైబ్రరీ అంతా తిప్పి చూపిస్తారు. అది చాలదని, క్రెడిట్లతో తప్పనిసరి కోర్సు పెట్టాలని మా లైబ్రరీ కమిటీలో ప్రతిపాదన వచ్చింది. నేనైతే పెట్టాలనే అంటాను.

ఎకనామిక్స్ లెక్చరర్:
వద్దమ్మా. సిలబస్ పూర్తికావడానికే సెమిస్టర్ చాలడం లేదు. కావలసినవాళ్లు కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకోవచ్చు.

లైబ్రేరియన్:
సార్, అడిగేవాళ్లు చాలా తక్కువ. ఏం అడగాలో తెలియక, మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీ ఎకనామిక్స్ ర్యాకే తీసుకోండి. పుస్తకాలను విషయాలవారీగా నంబర్లిచ్చి అమర్చే డ్యూయీ పద్ధతిలో 330.15 నంబరు పుస్తకం 330.9 కంటే ముందు ఉంటుంది, చుక్క తర్వాతి అంకెలు దశాంశాలు కాబట్టి. తొమ్మిది కంటే పదిహేను పెద్దది కదా అని పిల్లలు దాన్ని 330.9 తర్వాత వెతుకుతారు. క్యాటలాగ్‌లో ఉంది, ర్యాక్‌లో లేదు అంటారు. ఇక వ్యాసాలు వెతికే డేటాబేస్‌లో పేదరికం, వలస అనే రెండు మాటల మధ్య 'ఆర్' పెడితే ఏ ఒక్కటి ఉన్నా వచ్చిపడతాయి, 'అండ్' పెడితే రెండూ ఉన్నవే వస్తాయి. ఇంత చిన్న సంగతి తెలియక సాయంత్రాలు వృథా అవుతున్నాయి. పాఠకుడి సమయం ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రంగా రాశారు.

అయినా విడిగా కోర్సు నాకూ ఇష్టం లేదు. మార్కుల కోసం బట్టీపట్టి మరచిపోతారు. మొదటి వారంలో చెప్పిందీ నిలవదు, అప్పటికి చేతిలో అసైన్‌మెంటే ఉండదు. 1960ల మొదట్లోనే అమెరికాలో డెట్రాయిట్‌లోని మాంటీత్ కాలేజీలో లైబ్రేరియన్ పాట్రీషియా నాప్ లైబ్రరీ పనిని మామూలు కోర్సుల్లో కలిపి ప్రయోగం చేశారు. దారి అదే.

పీజీ విద్యార్థి:
మేడమ్ చెప్పింది నిజం. ఇంకోటి కూడా నేర్పాలి. చాట్‌బాట్ ఇచ్చే రిఫరెన్సుల్లో అసలు లేని వ్యాసాలు కూడా ఉంటున్నాయి. పేరు చూసి నమ్మేస్తున్నారు.

ఎకనామిక్స్ లెక్చరర్:
అసైన్‌మెంట్ ఇచ్చిన వారంలో ఒక పీరియడ్ ఇస్తాను. కానీ స్లైడ్లు వద్దు, నేనిచ్చిన టాపిక్‌ల మీదే వెతికించండి.

లైబ్రేరియన్:
టాపిక్‌లు ముందే పంపండి సార్. తర్వాత వాళ్ల రిఫరెన్సుల జాబితాలు ఇద్దరం కలిసి దిద్దుదాం. ఎంత నేర్చుకున్నారో హాజరుపట్టీలో తెలియదు, అక్కడ తెలుస్తుంది.

డిగ్రీ రెండో ఏడాది విద్యార్థిని:
మీరు ఒప్పుకున్నారు సార్, సంతోషం. ఒప్పుకోని లెక్చరర్ల క్లాసులో పిల్లల సంగతేంటి? విడి కోర్సు వద్దంటే వద్దు, ఆ పీరియడ్‌నైనా ప్రతి సబ్జెక్టు సిలబస్‌లోనూ రాయించండి. కమిటీలో నేను అదే అడుగుతాను.