ఊర్లో మీటింగుకు పోతే పరువు పోతాదా, బెంగుళూరు పోయేది మేలా?

సప్తగిరి సర్కిల్, అనంతపురం:
అన్నలకు అక్కలకు నమస్కారం. పేరు చెప్పలేను, గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని, 41 ఏండ్లు. ప్రతి ఏడూ అయ్యప్ప మాల వేస్తా, 41 దినాలు చుక్క ముట్టను, కొండకు పోయొచ్చి మాల తీసిన రాత్రే మళ్ళా క్వార్టర్. ఈసారి మా పాప గ్లాసు చూసి "నాయనా, మళ్ళా మాల ఎప్పుడేస్తావ్" అనింది, ఆ మాటకు వారం దినాలుగా నిద్ర లేదు. ఏఏ మీటింగు, అదే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే గుంపు, మా ఊర్లోనే గురువారం జరుగుతాదని తెలిసింది. కానీ టవర్ క్లాక్ కాడ నిలబడితే పదిమందిలో ఆరుమంది "సార్" అని పలకరించే ఊరు ఇది. అందుకే ఆదివారాలు బెంగుళూరు పోయి ఆడ కూర్చుందామని టికెట్ తీసినా, నాలుగు గంటల దావ. ఇది సరైనదేనా?

పెన్నా గాలి, కడప:
సార్, ఊర్లోనే పోండి. నేను ముట్టక 6 ఏండ్లు. బెంగుళూరు మీటింగు ఆదివారం, మనసు పీకేది మంగళవారం రాత్రి బ్రాందీ షాపు మూసే టయానికి, అప్పుడు మీ స్పాన్సర్, అంటే గుంపులో ముందే మానేసి మీకు తోడుండే మనిషి, ఇంటికి నడిచి పోయేట్టు ఉండాల కదా. ఫీజు లేదు, రిజిస్టర్ లేదు, మానాలనే కోరిక ఉంటే చాలు. మొదటి దినం నా చేతులు వణుకుతాంటే టీ పోసే ఆయన నా గ్లాసు మాత్రం సగమే పోసినాడు, ఏమీ అనలే. తొణక్కుండా తాగినాక మళ్ళా వచ్చి ఇంకో సగం పోసినాడు. నా వణుకు తెలిసిన మనిషి నా ఊర్లోనే ఉన్నాడని ఆ పొద్దు అర్థమైంది.

బురుజు కాడి అక్క, కర్నూలు:
కడప అన్న మాట మంచిదే గానీ అందరికీ కాదు. మా ఆయన ఊర్లోనే పోయినాడు. ఆ గుంపులో ఒకడు మళ్ళా తాగి, మత్తులో షాపు కాడ అందరి పేర్లు చెప్పినాడు, మా పెద్దపాపకు వచ్చిన సంబంధం ఎనక్కి పోయింది. పేర్లు బయట పెట్టకూడదనేది ఒట్టే అన్నా, చట్టం కాదు. తాగేది ఆడమనిషైతే ఇంగ చెప్పేదే లేదు. సార్, బెంగుళూరైనా సరే, ఫోన్లో జూమ్ మీటింగైనా సరే, యాడ నోరు తెరవగలరో ఆడ మొదలు పెట్టండి. మీ ఇంటామెకు అల్-అనాన్ గురించి చెప్పండి, 1951 నుంచి ఇంట్లోవాళ్ళ కోసమే ఉండాది. నేను మిద్దె మీదికి పోయి ఫోన్లో వింటా. "ఆయన తాగుడుకు కారణం నువ్వు కాదు" అని ఒకరు నాకు చెప్పింది ఆడనే, పెండ్లయిన పంతొమ్మిదేండ్లకు.

నైట్ డ్యూటీ, అనంతపురం:
ఊరి సంగతి తర్వాత, ముందు ఇది చదవండి. నేను వార్డులో పనిచేస్తా. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు దినాల్లో ఫిట్స్ రావచ్చు, 48 నుంచి 72 గంటల మధ్య మతి చెదిరి లేనివి కనపడి ప్రాణం మీదికి రావచ్చు. మాలలో ఏమీ కాలేదు కదా అని ధీమా వద్దు. సర్వజన ఆస్పత్రి మానసిక విభాగం ఓపీలో చూపించుకోండి, లేదంటే 14446కు చేయండి, ఫ్రీ, దగ్గర్లో ఏ సెంటర్ ఉందో చెప్తారు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా చదువుతాంటే చేతులు జోడించి చెప్తాండా, మందు మానిపించే బిళ్ళ తెలీకుండా కూరలో కలపొద్దు, దాని మీద తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు.

హంద్రీ ఒడ్డు:
మనసు గట్టిదైతే ఇవన్నీ ఎందుకు? 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెడితే మా నాయన బళ్ళారి పోయి తాగొచ్చేవాడు, రెండేండ్లకే అదీ ఎత్తేసిరి. బయటినుంచి ఏదీ పనిచేయదు. పైగా ఆ మీటింగుల్లో దేవుడు దేవుడంటారు.

పెన్నా గాలి, కడప:
తమ్ముడా, 41 దినాలు చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఈ సార్ మనసు గట్టిది కాదంటావా? మాలలో నిలబడేది ఒక్క మనసు కాదప్పా, పొద్దున సాయంత్రం పక్కన స్వాములు, భజన, "స్వామీ తిన్నావా" అని అడిగేవాళ్ళు. మాల తీసిన పొద్దు ఆ గుంపు ఎవరిండ్లకు వాళ్ళు పోతారు, సార్ ఒక్కడే మిగుల్తాడు. మాల తీయని గుంపు కావాల, అందుకే మీటింగు. 1935లో ఏఏ మొదలైందే ఇద్దరు తాగుబోతులు ఎదురెదురు కూర్చుని మాట్లాడుకుని, అందులో ఒకాయన డాక్టరు, తన చదువు తనను ఆపలేకపోయింది. దేవుడంటే ఎవరికి అర్థమైన దేవుడు వాళ్ళకు, మా కాడ సాయిబులూ ఉండారు, గుడికే పోనివాళ్ళూ ఉండారు. 2020లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ వాళ్ళు 27 పరిశోధనలు, పదివేల మందికి పైగా జనాన్ని కలిపి చూస్తే, పూర్తిగా మానడంలో ఈ పద్ధతి మిగతా చికిత్సల కంటే తక్కువేం కాలేదు, కొన్నిట్లో మేలైంది. అక్కా, మీ పాప సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది మా గుంపులో జరిగినా జరగొచ్చు.

సప్తగిరి సర్కిల్, అనంతపురం:
అందరికీ దండం. సోమవారం ఓపీకి పోయినా, మాత్రలు రాసినారు. గురువారం మీటింగు ముందర స్కూటర్ మీద ఇరవై నిమిషాలు కూర్చున్నా, లోపలికి పోతే బెంచీ మీద మా ఇంటికి పాలు పోసే ఆయన. ఇద్దరికీ మాట రాలే. ఆయన పక్కకు జరిగి చోటిచ్చినాడు. పొద్దున ఇంటి కాడ మా ఆడామె ముందర గిన్నెలో పాలు పోసి, ఎప్పటి మాదిరే "అర లీటరే కదా సార్" అన్నాడు, అంతే. అక్క చెప్పిన భయం ఇంగా లోపలే ఉండాది. వచ్చే గురువారం పోతా. బెంగుళూరు టికెట్ మాత్రం ఇంగా క్యాన్సిల్ చేయలే.