సంతలో అమ్మే మూలికా పొడికి ల్యాబ్ పరీక్ష తప్పనిసరి చేయాలా?

వంశధార ఒడ్డు:
గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ సంతల్లో వేర్లు, తీగలు, పొట్లాలు కట్టిన పొడులు అమ్ముతారు. వైద్యుడు తన రోగికి తానే చేసి ఇచ్చే మందుకు 1940 నాటి ఔషధాల చట్టం తయారీ లైసెన్సు అడగదు. పొట్లం కట్టి అందరికీ అమ్మితే మాత్రం లైసెన్సు కావాలి. అలాంటి ప్రతి పొట్లానికీ పరీక్ష ఉండాలా? ఉంటే ఏ పరీక్ష?

దిశారి బాట:
వద్దంటాను. నేలవేము కషాయం జ్వరానికి తాతల నాటి నుంచి తాగుతున్నదే. పైగా ల్యాబ్‌లో చూసేది మన మందును కాదు. పొడిని మిథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి, దిగిన సారాన్ని పరీక్షిస్తారు. నేలవేములో చేదునిచ్చే ఆండ్రోగ్రాఫోలైడ్ నీళ్లలోకి అంతగా దిగదు, మిథనాల్‌లోకి బాగా దిగుతుంది. ఇంట్లో ఎవరూ తాగనిదానికి సర్టిఫికెట్ ఎందుకు? మొక్క నుంచి తీసే మలేరియా మందు ఆర్టెమిసినిన్ విషయంలో చైనాలో శాస్త్రవేత్త తు యూయూ బృందం చూసిందీ ఇదే. మరిగిస్తే పనితనం పోయింది, తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రావకంతో తీస్తే నిలిచింది. తీసే పద్ధతి మారితే మందే మారుతుంది. ఇక ఖర్చంతా కొండల నుంచి మోసుకొచ్చే సవర, కోంధు ఆడవాళ్ల నెత్తిన పడుతుంది.

పర్లా ఫార్మకాగ్నసీ:
మిథనాల్ మాట నిజమే, దిశారి బాట గారూ. ఏ రూపంలో తాగుతారో ఆ రూపాన్నే పరీక్షించాలి. 50 గ్రాముల ముతక పొడికి 400 మి.లీ. నీరు పోసి, మూత పెట్టకుండా సన్నసెగ మీద 100 మి.లీ.కి ఇంకించి, వడగట్టి, ఫ్రీజ్ డ్రై చేసి (గడ్డకట్టించి నీరంతా తీసేసి), మిగిలినదాన్ని తూచాలి. ఆ తూకం రాయని నివేదికను నేను పక్కన పెట్టేస్తాను.

కానీ "తాతల నాటి నుంచి" అన్న మాట నిదానంగా పనిచేసే విషం దగ్గర చెల్లదు. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు రెండూ అరిస్టలోకియా జాతివి. వాటిలోని అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. అది బయటపడేది ఏళ్ల తర్వాత. ఎప్పుడో వాడిన వేరుకూ ఇప్పటి జబ్బుకూ ముడి ఉందని అప్పుడు ఏ ఇంట్లో తడుతుంది? బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడే మందులో ఒక చైనా మూలిక బదులు పొరపాటున అరిస్టలోకియా చేరింది. వాడిన ఆడవాళ్లలో ఎంతోమందికి కిడ్నీలు పోయాయి. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ జాతి మొక్కలున్న మూలికా మందులను మనిషికి క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది.

ఇక్కడే పరీక్ష ఎంపిక ముఖ్యం. ఎలుకకు ఒక్క మోతాదు ఇచ్చి 14 రోజులు చూసే అంతర్జాతీయ విష పరీక్షా పద్ధతి ఓఈసీడీ 423లో ఇలాంటి విషం తప్పించుకుపోగలదు. జన్యువులను మార్చే గుణం ఉందేమో సాల్మొనెల్లా బ్యాక్టీరియాతో చూసే ఏమ్స్ పరీక్షలో ఈ ఆమ్లం దొరికిపోతుంది. "14 రోజుల పరీక్ష పాసైంది" అన్న కాగితం చూసి ధైర్యపడకండి.

వంశధార ఒడ్డు:
మరి తిప్పతీగ?

కొరాపుట్ ల్యాబ్:
అక్కడ మొదటి చిక్కు గుర్తింపే. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పాతో పొరబడవద్దని ఆయుష్ శాఖ అంది. కాండం మీద బొడిపెలు దట్టంగా ఉండి, కోస్తే పాలలాంటి రసం కారితే అది క్రిస్పా. పచ్చి తీగ చేతిలో ఉంటే కంటితోనే తేలుతుంది. పొడి కొట్టాక మైక్రోస్కోపు, రసాయనాలను విడదీసి చూపే టీఎల్‌సీ పలక లేకుండా తేలదు. అందుకే పొడికి పరీక్ష తప్పనిసరి, పచ్చి మూలికకు అక్కర్లేదు అన్నది నా పక్షం.

తర్వాత బూజు. వానల్లో సగం ఆరిన సరుకును గోనెసంచుల్లో కుక్కితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పుడుతుంది, కషాయం కాచినా పోదు. ఆయుర్వేద మందుల ప్రమాణాల గ్రంథం ఫార్మకోపియా ప్రకారం అందులో బీ1 రకం 2 పీపీబీ (వంద కోట్ల పాళ్లలో 2 పాళ్లు) దాటకూడదు. సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు) లోపు ఉండాలి.

మందు పనిచేస్తుందని చెప్పే పరిశోధన పేపర్లు చదివేటప్పుడు మోతాదు లెక్క కట్టండి. 100 మి.లీ. కషాయంలో 4 గ్రాముల సారం ఉందనుకుందాం. 60 కిలోల మనిషికి కిలోకు 67 మి.గ్రా. పడుతుంది. ఎలుక (రాట్) చిన్న జంతువు కాబట్టి అంతే ప్రభావానికి కిలోకు ఎక్కువ మోతాదు కావాలి, అందుకు వాడే గుణకం 6.2తో గుణిస్తే సుమారు 413 మి.గ్రా. పేపర్లో రాట్‌కు కిలోకు 2000 మి.గ్రా. ఇచ్చి షుగర్ తగ్గిందని రాస్తే, మనిషి రోజుకు 19 గ్రాములకు పైగా సారం తీసుకోవాలి, అంటే దాదాపు అర లీటరు కషాయం. అది ఎవరూ తాగరు.

దిశారి బాట:
పొడికి ఒప్పుకుంటాను. ఈశ్వరి వేరును సంతలోంచి తీసేయాలన్నా ఒప్పుకుంటాను. పనితనం రుజువయ్యాకే అమ్మాలంటే మాత్రం ఒప్పుకోను. ఆ స్థోమత కంపెనీలకే ఉంటుంది, తెలివి చెప్పినవాడు బయటే మిగిలిపోతాడు. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ నుంచి జీవని మందు చేసినప్పుడు లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం వాళ్లకిచ్చారు. మన దగ్గర నమూనా తీసుకెళ్లేవాళ్లు ముందే అలాంటి ఒప్పందం రాయాలి.

పర్లా ఫార్మకాగ్నసీ:
రాయాల్సిందే. అమ్మకానికి భద్రత చాలు, "ఫలానా రోగం తగ్గుతుంది" అని పొట్లం మీద రాస్తేనే పనితనం అడుగుదాం.

ఖర్చు తగ్గించడానికి నలుగురైదుగురి సరుకు ఒక లాట్‌గా పరీక్షకు పంపవచ్చు. ఒక్క షరతు: కలపకముందే ప్రతి సంచిలో ఉన్నది ఏ మొక్కో విడిగా గుర్తించాలి, లేకపోతే ఒక తప్పు సంచి మంచివాటిలో కలిసి కనబడకుండా పోతుంది. సంచి పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి గుప్పెళ్లు తీసి కుప్ప చేసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని మళ్లీ కలపాలి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేయాలి. పువ్వుతో ఉన్న కొమ్మనొకటి కాగితాల మధ్య అదిమి, సేకరించిన ఊరు, తేదీ, మొక్క భాగం రాసి జతచేయాలి. బూజు వాసన వచ్చే సంచిని అసలు లాట్‌లో కలపవద్దు. అఫ్లాటాక్సిన్ సరుకంతా సమానంగా ఉండదు, నమూనాలో పడకపోతే నివేదిక శుభ్రంగానే వస్తుంది.