లావోస్‌లోని సియెంగ్ ఖువాంగ్‌కు పిల్లవాడితో వెళ్లవచ్చునా?

సీతమ్మధార వాసి అడుగుతున్నారు:

నమస్కారం. డిసెంబరు సెలవుల్లో విశాఖ నుంచి బ్యాంకాక్ మీదుగా లావోస్ వెళ్లాలని మా కుటుంబం ఆలోచిస్తోంది. లువాంగ్ ప్రబాంగ్, వియంటియాన్ నగరాల గురించి కావలసినంత సమాచారం దొరికింది కాబట్టి వాటి సంగతి అడగను. నా సందేహమంతా ఈశాన్యాన ఉన్న సియెంగ్ ఖువాంగ్ ప్రావిన్స్ గురించే. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి చరిత్ర అంటే ప్రాణం. మన బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని, టీయూ-142 విమానాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరని వాడు ఇప్పుడు పురాతన కాలపు పెద్ద పెద్ద రాతి జాడీలు ఉన్న అక్కడి ‘జాడీల మైదానం’ చూడవలసిందేనని పట్టుబట్టాడు. ఆ నేలలో ఇప్పటికీ పేలని బాంబులు ఉన్నాయని తెలిసిన నాటి నుంచి మా అత్తగారు మాత్రం ప్రయాణమే మానుకోమంటున్నారు. పిల్లవాడిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లడం క్షేమమేనా? అలాగే, బాంబుల లోహం కరిగించి చేసిన చెంచాలు అక్కడ అమ్ముతారని విన్నాను. అటువంటివి జ్ఞాపికగా కొనడం సబబేనా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

లాసన్స్ బే బాటసారి:

మీ అత్తగారి భయానికి ఆధారం లేకపోలేదు. వియత్నాం యుద్ధకాలంలో, 1964 నుంచి 1973 వరకు, అమెరికా విమానాలు లావోస్ మీద 5,80,000కు పైగా దాడులు జరిపి, 20 లక్షల టన్నులకు మించిన బాంబులు కురిపించాయి. 1962 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం లావోస్ తటస్థ దేశం కావడంతో, ఈ యుద్ధాన్ని అమెరికా ప్రభుత్వం సొంత ప్రజలకు కూడా తెలియనివ్వకుండా నడిపింది. పెద్ద బాంబుల సంగతి అటుంచితే, క్లస్టర్ బాంబుల తొడుగులు గాలిలోనే విచ్చుకుని వెదజల్లిన చిన్న బాంబులు 27 కోట్లకు పైమాటే. వాటిలో దాదాపు 30 శాతం, అంటే 8 కోట్ల వరకు, పేలకుండా నేలలోనే ఉండిపోయాయని అంచనా. వాటిలో బాగా ఎక్కువగా దొరికే రకం బత్తాయి పరిమాణంలో గుండ్రంగా ఉంటుంది. పిల్లలు బంతి అనుకుని చేతిలోకి తీసుకోవడానికి కారణం అదే.

అయితే ఈ ప్రమాదం ఎవరి నెత్తిన ఉందో గమనించాలి. దుక్కి దున్నేవారు, పునాదులు తవ్వేవారు, తుక్కు ఇనుము ఏరుకునేవారు, పొలంలో చలిమంట వేసుకునేవారు ఎక్కువగా బలి అవుతున్నారు. అడుగున బాంబు ఉన్న సంగతి తెలియక పైన మంట పెడితే, ఆ వేడికే అది పేలుతుంది. నలిగిన దారిలో నడిచి తిరిగివచ్చే సందర్శకుడి పరిస్థితి అది కాదు. జాడీల మైదానంలో సందర్శకులు ప్రధానంగా చూసే మూడు స్థలాలను మ్యాగ్ అనే బ్రిటన్ సంస్థ శుభ్రపరిచింది. 1994 నుంచి ఆ దేశంలో పనిచేస్తున్న ఆ సంస్థ పాతిన గుర్తురాళ్లు దారి పొడవునా కనిపిస్తాయి. రాయికి తెలుపు రంగు ఉన్న వైపు నేల లోపలి దాకా పరీక్షించినది, ఎరుపు ఉన్న వైపు పైపైన మాత్రమే చూసినది. తెలుపు వైపే నడవాలని, ఫొటో కోసమైనా ఎరుపు వైపుకు అడుగు వేయరాదని, నేల మీద లోహపు ముక్క ఏది కనిపించినా తాకకూడదని మీ అబ్బాయికి ఇంటి దగ్గరే గట్టిగా చెప్పండి. పొదల చాటుకు వెళ్లవలసిన అవసరం కూడా దారి తప్పడానికి సాకు కాకూడదు. నవ్వు రావచ్చు గాని, ఈ జాగ్రత్తను పెద్దవాళ్లే మరిచిపోతారు.

ఇక్కడి నుంచి వెళ్లే వారికి ఒక తేడా స్పష్టంగా తెలుస్తుంది. మన దగ్గర యుద్ధం టికెట్టు కొని చూసే ప్రదర్శనగా ఒడ్డున నిలబడి ఉంది. అక్కడ అది ఇంకా పొలం పనిని, బడికి వెళ్లే దారిని, ఇల్లు కట్టే ఖర్చును నిర్ణయిస్తోంది. జాడీల మైదానపు మొదటి స్థలంలో క్రీస్తుకు పూర్వం 500 నుంచి క్రీస్తు శకం 500 మధ్య కాలానికి చెందిన రాతి జాడీల సరసనే బాంబు పడ్డ గొయ్యి కనిపిస్తుంది. యునెస్కో 2019లో ఈ జాడీల స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మధురవాడ కోడలు:

డిసెంబరులో సియెంగ్ ఖువాంగ్ ముఖ్యపట్టణమైన ఫోన్సావన్ చలి మన లంబసింగి చలిని గుర్తుచేస్తుంది, ఎందుకంటే అది 1,000 మీటర్లకు మించిన ఎత్తులో ఉంది. స్వెటర్లు తప్పనిసరి. వియంటియాన్, లువాంగ్ ప్రబాంగ్‌ల మీదుగా 2021 డిసెంబరులో మొదలైన రైలు అటు వెళ్లదు. లువాంగ్ ప్రబాంగ్ నుంచి కొండదారిలో పగలంతా పట్టే వ్యాను ప్రయాణంలో పిల్లలకు కడుపులో తిప్పుతుంది కాబట్టి వియంటియాన్ నుంచి విమానం మేలు. శాకాహారులైతే వంటలో చేపల సాస్ కలపవద్దని ప్రతిచోటా ముందే చెప్పుకోవాలి. బంక అన్నంతో ఎలాగో గడిచిపోతుంది.

విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, గోపాలపట్నం:

చెంచాల ప్రశ్నకు నా సమాధానం కొంత భిన్నంగా ఉంటుంది. బాన్ నాపియా అనే పల్లెలో కొన్ని కుటుంబాలు దశాబ్దాలుగా యుద్ధశేషాల అల్యూమినియాన్ని కరిగించి, అచ్చుల్లో పోసి చెంచాలు చేస్తున్నాయి. వాటిని ఆ పల్లెలోనే, చేసినవారి చేతి నుంచే కొనడంలో నాకు తప్పు కనిపించదు. విషాదాన్ని అమ్ముకుంటున్నారని వారిని అనే అర్హత మనకు లేదు. అయితే తూటాలు, తొడుగులు, బాంబు ముక్కలు మాత్రం ఎవరు అమ్మినా కొనకండి. గిరాకీ ఉన్నంతకాలం తుక్కు ఏరుకునేందుకు పిల్లలు పొలాల్లోకి వెళుతూనే ఉంటారు. పైగా అటువంటి వస్తువు విమానాశ్రయ తనిఖీలో మీ సంచిలో దొరికితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మీ అబ్బాయికి మరొక విషయం చెప్పండి. లావోస్‌తో మన దేశానికి ఉన్న సంబంధం పర్యాటకంతో మొదలుకాలేదు. ఇండోచైనాలో ఫ్రాన్స్ యుద్ధాన్ని ముగించిన 1954 జెనీవా ఒప్పందాల అమలును పర్యవేక్షించడానికి ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్‌లో కెనడా, పోలండ్ సభ్యులు కాగా, అధ్యక్ష స్థానం భారత్‌ది. ఆ కమిషన్ విమానం ఒకటి 1965 అక్టోబరులో వియంటియాన్ నుంచి హనోయ్ వెళుతూ అదృశ్యమైపోయింది. అందులో భారతీయులు కూడా ఉన్నారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా నా కంట పడలేదు. మరోవైపు, క్లస్టర్ బాంబులను నిషేధిస్తూ 2008లో కుదిరి, 2010లో అమలులోకి వచ్చిన ఒప్పందంపై లావోస్ మొదట్లోనే సంతకం చేయగా, మన దేశం ఇప్పటికీ చేయలేదు. అమెరికా కూడా చేయలేదు. అక్కడ ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకుని వెళ్లడం మంచిది.

సీతమ్మధార వాసి:

అందరికీ కృతజ్ఞతలు. థామ్ పియు గుహ గురించి కూడా చదివాను. పద్నాలుగేళ్ల వాడిని అక్కడికి తీసుకువెళ్లవచ్చునా, లేక జాడీలతో సరిపెట్టుకోవడం నయమా?

లాసన్స్ బే బాటసారి:

1968 నవంబరు 24న బాంబుల నుంచి తలదాచుకున్న జనంతో నిండి ఉన్న ఆ గుహలోకి విమానం నుంచి రాకెట్ దూసుకువెళ్లింది. 374 మంది మరణించారని అక్కడివారు చెబుతారు. నా అభిప్రాయంలో పద్నాలుగేళ్ల పిల్లవాడు చూడదగినదే, కాకపోతే అది సమాధి వంటి స్థలమని ముందే చెప్పి తీసుకువెళ్లాలి. సెల్ఫీల విషయంలో మీరు కఠినంగా ఉండక తప్పదు. వీలైతే ప్రయాణ క్రమాన్ని కొద్దిగా మార్చండి. వియంటియాన్‌లో దిగగానే కోప్ అనే సంస్థ నడిపే సందర్శక కేంద్రాన్ని చూడండి. పేలుళ్లలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవారికి ఆ సంస్థ కృత్రిమ అవయవాలు సమకూరుస్తుంది. ప్రవేశ రుసుము లేదు, తోచిన విరాళం ఇవ్వవచ్చు. బాంబులు మనుషులను ఏం చేస్తాయో అక్కడ చూసిన తరువాత, ఫోన్సావన్‌లో గుర్తురాయి ఎరుపు వైపుకు అడుగు పెట్టవద్దని మీ అబ్బాయికి మీరు రెండోసారి చెప్పవలసిన అవసరం ఉండదు. గుహకు వెళ్లే రోజున స్థానిక గైడును మాట్లాడుకోండి. ఫోన్సావన్‌కు తూర్పున ఏడో నంబరు రహదారిలో వెళ్లి మువాంగ్ ఖామ్ అనే ఊరి దగ్గర అటు మళ్లాలి, కాబట్టి జాడీలను, గుహను ఒకే రోజులో కుక్కకుండా విడివిడిగా పెట్టుకోండి.