చల్లటి ఇంజన్‌ను నిలిపి వేడెక్కించాలా, నడుపుతూ వేడెక్కించాలా?

కిక్‌రాడ్:
రాత్రంతా కదలకుండా ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేసి, స్టాండు మీదే అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో (గేరు వేయకుండా, ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా) ఉంచి, ఆ తరువాతే గేరు వేయడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆయిల్ పైకి చేరకముందే ఇంజన్ మీద భారం పెడితే ఇంజన్ పైభాగమైన హెడ్‌లో వాల్వులను తెరిచే క్యామ్ అరుగుతుందన్నది నా వాదన. అరనిమిషం ఆగి బయలుదేరితే చాలని ఈమధ్య పలువురు అంటున్నారు. ఆ అరనిమిషానికి ఆధారమేమిటి?

స్లోజెట్:
కిక్‌రాడ్ గారూ, ఆయిల్ పైకి చేరడం వేరు, వేడెక్కడం వేరు. పంపు సవ్యంగా ఉండి, తగిన గ్రేడు ఆయిల్ పోసి ఉంటే, అది క్యామ్ దాకా చేరడానికి కొన్ని సెకన్లే పడుతుంది. ఆయిల్ డబ్బా మీది 10డబ్ల్యూ-30 అన్న గుర్తులో డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో తెలిపేదే. రెండవది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనానికి సంబంధించినది. వేడెక్కడం మాత్రం నిమిషాల పని, పైగా శ్రమ లేని ఇంజన్‌లో పుట్టే వేడి తక్కువ కనుక ఐడ్లింగ్‌లో అది మరీ నెమ్మదిగా సాగుతుంది.

అసలు చిక్కు పెట్రోలుతో ఉంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. చల్లటి ఇంజన్‌లో అది సరిగా ఆవిరి కాక ఇన్‌టేక్ (ఇంజన్ లోపలికి పీల్చే దారి) గోడలకూ సిలిండర్ గోడలకూ చెమటలా పడుతుంది. అందుకే కార్బురేటర్ బండిలో చోక్, ఇంజెక్షన్ బండిలో ఉష్ణోగ్రత సెన్సర్ మాట విని ఇంజెక్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచే కంప్యూటర్, పెట్రోలు పాలు పెంచుతాయి. మండకుండా మిగిలినది సిలిండర్ మీది ఆయిల్ పొరను కడిగి, రింగుల పక్కగా జారి కింది ఆయిల్‌లో కలుస్తుంది. ప్లగ్‌కు మసి పడుతుంది. అరుగుదల తప్పించాలని మీరు ఇస్తున్న ఆ అయిదు నిమిషాలే అరుగుదలకు అనువైన స్థితిని పొడిగిస్తున్నాయి.

ట్యాపెట్:
స్లోజెట్ గారితో నాకు పేచీ లేదు, కానీ "వెంటనే బయలుదేరవచ్చు" అన్న మాటను చాలామంది "వెంటనే రేజ్ చేయవచ్చు" అని వింటారు. అల్యూమినియం పోత ఇనుముకంటే వేడికి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. చల్లటి ఇంజన్‌ను ఒక్కసారిగా పరుగెత్తిస్తే పిస్టన్ ముందుగా ఉబ్బుతుంది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది, మధ్యనున్న సందు మాయమై పిస్టన్ పట్టేస్తుంది. నీటితో చల్లబడే టూ-స్ట్రోక్ ఇంజన్లకు ఇది బాగా తెలిసిన జబ్బు. నా మొదటి బండి సిలిండర్‌ను నేను పోగొట్టుకున్నది ఇలాగే. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని చూపే ముల్లు మధ్యకు వచ్చిందన్న ధీమా కూడా పనికిరాదు, ఆయిల్ దానికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది.

కిక్‌రాడ్:
ఇదంతా సరే. నా బండి అరనిమిషానికే గేరు వేస్తే ఆగిపోతుంది, చోక్ తీస్తే దగ్గుతుంది. దానికి అయిదు నిమిషాలు కావాలని ఇంజనే చెబుతున్నట్టు కాదా?

స్లోజెట్:
ఇంజన్ చెబుతున్నది వేరే సంగతి కావచ్చు. చోక్ తీయగానే దగ్గడం స్లో జెట్ (తక్కువ వేగంలో పెట్రోలు అందించే కార్బురేటర్‌లోని సన్నటి రంధ్రం) సగం పూడిందనడానికి సాధారణ లక్షణం (ఈ పేరు నేను ఊరికే పెట్టుకోలేదు). గేరు వేయగానే ఆగిపోవడానికి, క్లచ్ ప్లేట్ల మధ్య చిక్కబడిన ఆయిల్ వాటిని విడవనీయకపోవడం కూడా కారణమవుతుంది. ఇన్‌టేక్ ట్యాపెట్ (వాల్వును నొక్కే భాగం) దగ్గరి సందు పోయి బిగుసుకున్నా వాల్వు పూర్తిగా మూతపడక, కిక్ కొట్టేటప్పుడు కంప్రెషన్ చాలదు.

ఇంకొకటి అడుగుతాను: మీ చోక్ గాలిని అడ్డగించే పలకా, లేక పెట్రోలుకు విడిగా దారి తెరిచే రకమా? రెండవదైతే ఆ దారి గుండా పెట్రోలు పైకి లాగబడాలంటే యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉండాలి. తిప్పితే ఆ పీల్పు పోయి, చోక్ వేసీ వేయనట్టే అవుతుంది.

కిక్‌రాడ్:
రెండవ రకమే. యాక్సిలరేటర్ తిప్పుతూ కిక్ కొట్టడమే ఇన్నేళ్లుగా చేస్తున్నాను. రేపు దాన్ని ముట్టుకోకుండా చూస్తాను, ఆదివారం జెట్ కూడా విప్పుతాను. అయిదు నిమిషాలను రెండుకు దించుకోగలను. మీ అరనిమిషానికి మాత్రం ఇప్పుడే ఒప్పుకోను.