అప్‌డేట్: వేలంలోని లాన్సియా డెల్టా ‘ఎవో’ సంగతి తేలింది

ఇంగ్లండ్‌లో వేలానికి వచ్చిన లాన్సియా డెల్టా ఇంటెగ్రాలే అనే పాత ఇటాలియన్ కారుని కేటలాగ్‌లో ‘ఎవో’ (ఆ మోడల్‌లో చివరి రకం) అని రాశారు, నమ్మొచ్చా అని ఇక్కడ అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి కొనలేదు.

పనికొచ్చింది ‘చక్రం బోల్టులు లెక్కపెట్టు’ అన్న సలహా. 1991లో వచ్చిన ఎవోకి చక్రానికి ఐదు బోల్టులు, అంతకు ముందు ఇంటెగ్రాలేలకి నాలుగు. కేటలాగ్ ఫొటోల్లో సరిగా కనపడలేదు. చూడటానికి వెళ్లిన రోజు ముందు అక్కడే వంగి చూశాను. నాలుగే!

అయినా ఆశ చావక డబ్బిచ్చి ఒక లాన్సియా మెకానిక్‌ని తీసుకెళ్లాను. ఇది ఎవోకి ముందొచ్చిన మామూలు 16 వాల్వ్ బండి, ఎవో బంపర్లు, వెనక స్పాయిలర్ తర్వాత బిగించారని తేల్చాడు. ఆ తర్వాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ముందు అద్దం మూల పక్కనున్న రేకు మీద పెట్టాడు. అంటుకోలేదు, జారి కింద పడింది. రంగు కింద అంతా లప్పం, దాని వెనక తుప్పు. నాకైతే అక్కడే మనసు విరిగిపోయింది.

ఇక్కడ ఎక్కువ చర్చ జరిగిన ఎడమవైపు స్టీరింగ్‌కీ, బండి ఎవో అవ్వడానికీ సంబంధమే లేదు. ఫ్యాక్టరీ నుంచి ఇంటెగ్రాలేలన్నీ అలాగే వచ్చాయి. మార్టిని చారలు (లాన్సియా ర్యాలీ జట్టు స్పాన్సర్ రంగులు) కూడా అంతే, స్టిక్కర్లు ఎవరైనా అంటిస్తారు. 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరు ప్రపంచ ర్యాలీ తయారీదారుల టైటిళ్లు గెలిచిన పేరు కదా, చారలు చూస్తే చెయ్యి దానంతటదే లేస్తుంది.

వేలం సంస్థకి మెయిల్ పెట్టాను, కేటలాగ్ మాత్రం మార్చలేదు. ఇంకోటి, సుత్తి పడిన ధర (వేలంలో ఖరారైన ధర) మీద వాళ్ల ప్రీమియం, అంటే కొన్నవాళ్ల దగ్గర తీసుకునే రుసుము, ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ ఉంటాయి. ఆ లెక్క నేను ముందు వేసుకోనే లేదు.